సవరణ: కంపనాల లెక్క, కరగడానికి కారణం ఒకటి కావు

ఘనపదార్థాలు ఎలా కరుగుతాయో చెప్పిన గత పోస్టులో, "పరమాణువుల కంపనం వాటి మధ్య దూరంలో దాదాపు పదో వంతుకు చేరగానే స్ఫటికం కూలిపోతుంది" అనే వాక్యం ఉంది. భౌతిక శాస్త్రవేత్త లిండెమన్ 1910లో చెప్పిన ఆలోచన నుంచి వచ్చిన ఉజ్జాయింపు లెక్క అది. ఎప్పుడు కరుగుతుందో అంచనాకు పనికొస్తుంది గానీ, ఎలా కరుగుతుందో చెప్పదు.

కరగడం మామూలుగా ఉపరితలం దగ్గర మొదలవుతుంది. పైవరస పరమాణువులకు ఒక పక్క పట్టి ఉంచే పొరుగు ఉండదు, అందుకే అవి ముందే పట్టు తప్పుతాయి. సీసం కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. దాని కొన్ని స్ఫటిక ముఖాల మీద అంతకంటే ముందే పలచని ద్రవపు పొర ఏర్పడుతుందని 1985లో ప్రయోగంలో తేలింది. మంచుగడ్డ మీదా ఇంతే, సున్నాకి దిగువనే.

మరి ఆ ఉపరితలాన్నే కప్పేస్తే? 1986లో వెండి స్ఫటికాలకు బంగారు పూత వేసి చూశారు (ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే). వెండి 962 డిగ్రీల దగ్గర కరగాలి, బంగారం 1064 దాకా ఆగుతుంది. పూత లోపలి వెండి తన ద్రవీభవన స్థానాన్ని సుమారు 25 డిగ్రీలు దాటినా కాసేపు ఘనంగానే నిలిచింది. కంపనాలే అసలు కారణమైతే పూత వల్ల ఇంత తేడా రాకూడదు.

గత పోస్టులో గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే ఖర్చయ్యే వేడి) గురించిన భాగంలో మార్పేమీ లేదు.