దిష్టిచుక్క కూడా దుమ్మేనట

మా వంశంలో ఇంతవరకు ఎవరికీ దక్కని గౌరవం నాకు దక్కింది. పెద్దనాన్న తీసిన 640 స్లైడ్లను కంప్యూటర్లోకి ఎక్కించే పనికి కుటుంబం నన్ను ఏకసభ్య కమిషన్‌గా నియమించింది. అర్హతలు రెండే చూశారు. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్నాను, కాదనడం చేతకాదు. మూడు నెలల్లో ముగిస్తానని మాట ఇచ్చి, ఇప్పటికి నాలుగుసార్లు గడువు పొడిగించుకున్నాను. ఆ రకంగా మన దేశంలోని కమిషన్ల పరువు నిలబెట్టానని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.

స్లైడంటే తెలియని పిల్లల కోసం ఒక మాట. రెండంగుళాల చదరపు అట్ట చట్రం, దాని నడుమ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఫిల్మ్ ముక్క. నెగెటివులో తెల్లపంచె నల్లగా కనిపిస్తుంది, ఇందులో తెల్లపంచె తెల్లగానే ఉంటుంది. మనలో చాలామంది స్లైడును చూసింది సినిమా హాల్లోనే. ఆట మొదలయ్యే ముందు ‘పొగ త్రాగరాదు’ అనీ, ఊళ్లో బట్టల కొట్టు పేరుతోనూ తెరమీద కాస్త వంకరగా పడేవే అవి. ఇంట్లో స్లైడ్లు ఉండాలంటే అమెరికాలో బంధువులుండాలి. మాకు ఉండేవారు.

పెద్దనాన్న 1969లో డాక్టరుగా డెట్రాయిట్ వెళ్లారు. ఊరికి వచ్చినప్పుడల్లా ఒక ప్రొజెక్టరు, దానికంటే బరువైన ట్రాన్స్‌ఫార్మరు మోసుకొచ్చేవారు. ఆ యంత్రం 120 వోల్టులకు అలవాటు పడ్డది. మన గోడలో 230 ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. మా ఊళ్లో సాయంత్రం ఏడింటికి ఎంత ఉండేదో లైన్‌మ్యాన్‌కే తెలియాలి. తాతయ్య పంచె గోడకు కట్టి, వీధి తలుపు మూసి ప్రదర్శన మొదలుపెట్టేవారు. గుండ్రటి ట్రేలో 80 స్లైడ్లు పట్టేవి. ఒక్కొక్కటీ ‘ఠక్’మని లోపలికి పడటం, బల్బు వేడికి కాలిన దుమ్ము వాసన, పంచె మీద నయాగరా. దాన్ని చూసి నాయనమ్మ, “ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నాయి పాపం. బెజవాడలో లాగా బ్యారేజీ కట్టుకోవచ్చుగా” అంది. అమెరికా ప్రభుత్వానికి అందకుండా పోయిన సలహాల్లో అదొకటి.

ఆ తర్వాత టీవీ వచ్చింది, వీసీఆర్ వచ్చింది, స్లైడ్లు అటక ఎక్కాయి. పెద్దనాన్న పోయాక పెద్దమ్మ హైదరాబాదు వచ్చేస్తూ తన వంట గిన్నెలతో పాటు వాటినీ తెచ్చుకుంది. నలభై ఏళ్లుగా ఎవరూ చూడని బొమ్మలు మరో నలభై ఏళ్లు ఎవరూ చూడకుండా భద్రంగా ఉండాలంటే డిజిటల్ చేయక తప్పదని అప్పుడు కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక్కడ మా కుటుంబం మీద ఉన్న ఒక అపవాదును తొలగించాలి. వీళ్లు పట్టించుకోలేదని పెద్దమ్మ అప్పుడప్పుడు అంటుంది. అది అన్యాయం. ఆ స్లైడ్లలో ఎక్కువ భాగం కొడాక్రోమ్. 1935లో పుట్టి 2009లో తయారీ ఆగిపోయిన ఫిల్మ్ అది. కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే ఊళ్లో దాన్ని కడిగే చిట్టచివరి దుకాణం 2010 డిసెంబరు 30 దాకా రీళ్లు తీసుకుని ఆ తర్వాత చేతులెత్తేసింది. ఆ ఫిల్మ్ చీకట్లో ఉంచితే దశాబ్దాల పాటు రంగు చెదరదు. మాటిమాటికీ ప్రొజెక్టర్లో పెట్టి చూస్తేనే వెలిసిపోతుంది. అంటే మావాళ్లు నలభై ఏళ్లపాటు చేసినది నిర్లక్ష్యం కాదు, శాస్త్రీయ పరిరక్షణ. పెద్దనాన్న చౌకగా దొరికిందని వాడిన వేరే రకం ఫిల్మ్ మాత్రం చీకట్లో కూడా ఎర్రబడింది. చిన్నత్త పెళ్లి మొత్తం కుంకుమ చల్లినట్టు ఉంది. ఆ ఎరుపు చిన్నమామయ్య ముఖానికి తర్వాతి సంవత్సరాల్లో నిజంగానే వచ్చింది కాబట్టి దాన్ని దిద్దలేదు.

పని ఎలా చేయాలన్న దానిపై మేనల్లుడు ఒక్క మాటలో తేల్చేశాడు. “మామయ్యా, టాబ్లెట్‌లో తెల్లటి తెర పెట్టి, దానిమీద స్లైడు ఉంచి ఫోనుతో తీస్తే అయిదు సెకన్లు.” తీశాం. పెద్దనాన్న కారు మీద వేల చుక్కలు. అవి టాబ్లెట్ తెర చుక్కలే. స్లైడును తెరకు ఒక అంగుళం ఎత్తులో నిలిపి, మధ్యలో పాలరంగు ప్లాస్టిక్ పలక పెడితే ఆ చుక్కలు పోతాయి. పోయాయి కూడా. కానీ ఇంత సులువుగా అయిపోయే పనికి కమిషన్ ఎందుకన్న ప్రశ్న వస్తుందని గ్రహించి, స్లైడ్ల కోసమే తయారైన స్కానరు కొన్నాను.

అందులో అంగుళానికి 4000 చుక్కల చొప్పున తీస్తే ఒక్కో బొమ్మకు రెండు కోట్ల పైచిలుకు చుక్కలు వస్తాయి. రంగుల సూక్ష్మం ఏదీ పోకుండా దాచితే ఒక్కో ఫైలు 128 మెగాబైట్లు. మొత్తం 640 కలిపి 82 గిగాబైట్లు. అంత వివరంగా తీసి ఏం చూశామంటే, పెద్దనాన్నకు కెమెరా కుదురుగా పట్టుకోవడం రాదని. దుమ్ము ఊది, చట్రంలో బిగించి, యంత్రం గుర్రుగుర్రుమంటూ చదివేసరికి ఒక్కోదానికి అయిదు నిమిషాలు. లెక్క వేస్తే 53 గంటలు. ఇందులో కరెంటు పోయిన సమయం, మా ఆవిడ వచ్చి “ఇంకా అదేనా?” అని అడిగిన సమయం కలపలేదు.

ఒక స్లైడును చట్రంలో ఎనిమిది రకాలుగా పెట్టవచ్చు. అందులో ఒక్కటే సరైనది. తలకిందులైతే కంప్యూటర్లో తిప్పుకోవచ్చు, వెంటనే తెలుస్తుంది కూడా. కుడిఎడమలు తారుమారైతేనే చిక్కు. మామూలుగా నిగనిగలాడే వైపు, కాస్త మసకగా ఉండే వైపు పోల్చి చూసుకోవాలి. నా కళ్లజోడుతో రెండూ ఒకటే. అందుకని సొంతంగా ‘పైట సూత్రం’ కనిపెట్టాను. పైట ఎడమ భుజం మీద ఉంటే బొమ్మ సరి, కుడి భుజం మీద ఉంటే తిరగేయాలి. 212 స్లైడ్లు ఈ సూత్రంతో నిమిషాల మీద సరిచేసి, దీన్ని లోకానికి ప్రకటిద్దామనుకుంటుండగా ఒక ఫొటోలో వెనకనున్న దుకాణం బోర్డు అక్షరాలు అద్దంలో లాగా కనిపించాయి. ఆరా తీస్తే, డెట్రాయిట్‌లో పెద్దమ్మ పక్కింటివాళ్లు గుజరాతీలు. వాళ్ల పైట కుడి భుజం మీదికే వస్తుంది. ఒక కుటుంబాన్నంతా నేను ఎడమచేతి వాటం వాళ్లను చేసేశాను. వారు ఎక్కడున్నా మన్నించగలరు.

ఇక దుమ్ము. స్లైడు మీది దుమ్ము కంటికి కనపడదు, తెరమీదికి రాగానే ఇంట్లో జనం కంటే ఎక్కువ ఉంటుంది. మెత్తటి గుడ్డ తడిపి తుడుద్దామనిపిస్తుంది, తుడిస్తే ఫిల్మ్ పొరే లేచిపోవచ్చు. రబ్బరు బుడ్డితో గాలి ఊదడమే పద్ధతి. దానికీ లొంగని దుమ్ము కోసం స్కానర్లో ఒక విద్య ఉంది. అది బొమ్మను పరారుణ కిరణాలతో ఇంకోసారి చూస్తుంది. ఫిల్మ్‌లోని రంగులు ఆ కిరణాలను అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. అడ్డం తగిలిన చోటల్లా చుట్టుపక్కల రంగు తెచ్చి పూడ్చేస్తుంది. చాలా తెలివైన పని. అయితే కొడాక్రోమ్ మీద ఈ విద్య సరిగా సాగదు. దాని రంగులు కూడా కొంత అడ్డుపడతాయి కాబట్టి, నల్లగా చిక్కగా ఉన్నచోట యంత్రం పొరబడుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆ మీట నొక్కరు. కమిషన్ నొక్కింది.

ఫలితం 417వ స్లైడులో బయటపడింది. అట్ట అంచున 1974 డిసెంబరు ముద్ర. పెరట్లో నులకమంచం, దానిమీద నూనె రాసి కూర్చోబెట్టిన బట్టల్లేని పసివాడు, కాళ్లకు వెండి కడియాలు. స్లైడును దీపానికి పెట్టి చూస్తే ఎడమ బుగ్గ మీద కాటుక దిష్టిచుక్క, కాస్త చెదిరి, కానీ బఠాణీ గింజంత నిండుగా. కంప్యూటర్లో చూస్తే బుగ్గ నున్నగా, కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. తల్లి వేలితో పెట్టిన చుక్కను యంత్రం చెత్త కింద లెక్కగట్టి ఊడ్చేసింది. పిల్లవాడెవరో తెలియలేదు. అప్పటి మా ఇంటి పిల్లలందరూ నూనెతో ఒకేలా మెరిసేవారు.

తేదీల గురించి చెప్పాలంటే, అట్టమీద ముద్ర ఉన్నా ఫైలుకు ఆ జ్ఞానం ఉండదు. స్కాన్ చేసిన రోజునే పుట్టినట్టు రాసుకుంటుంది. దాంతో నా ఫోనులో తాతయ్య షష్టిపూర్తి మొన్న మంగళవారం జరిగింది. పక్కనే అదే రోజు తీసిన గ్యాస్ బిల్లు.

నివేదికలోని మొదటి భాగాన్ని, అంటే పెద్దమ్మ 1971లో మంచులో చీర మీద కోటు తొడుక్కుని నిలబడ్డ ఫొటోను, కుటుంబ వాట్సాప్ గుంపులో విడుదల చేశాను. పదకొండు నమస్కారాలు, నాలుగు ‘ఓం శాంతి’లు వచ్చాయి. పాత ఫొటో పెట్టారంటే మనిషి పోయినట్టేనని మనవాళ్ల లెక్క. పెద్దమ్మకు 84 ఏళ్లు. ఆమె ఆ గుంపులోనే ఉంది. కాఫీ తాగుతూ అన్నీ చదువుకుని, ‘ఓం శాంతి’ పెట్టిన నలుగురికీ విడివిడిగా ఫోన్ చేసి మాట్లాడింది.

“అన్నీ ఎక్కించాక ఆ డబ్బాలు పారేయొచ్చా?” అని మా ఆవిడ అడిగింది. పారేయకూడదు. హార్డ్ డిస్కు పాడైతే అసలు ఉండాలి కదా. అసలు పాడైతే హార్డ్ డిస్కు ఉండాలి. హార్డ్ డిస్కుకు ఇంకో హార్డ్ డిస్కు ఉండాలి. ఒక డబ్బా ఖాళీ చేయడానికి మొదలుపెట్టిన పనిలో ఇప్పటికి మూడు డబ్బాలయ్యాయి.

పోయిన ఆదివారం పెద్దమ్మను పిలిపించి టీవీ ముందు కూర్చోబెట్టాను. మనుషుల పేర్లు ఆమె ఒక్కతెకే తెలుసు, ఆ సంగతి కమిషన్‌కు 53 గంటల తర్వాత తట్టింది. చెబుతూ పోయింది. ఈమె చుట్టం కాదు, పాలు పోసే ఆమె. ఆ చీర నాది, కట్టుకున్నది మీ అమ్మ. 417 వచ్చింది. పెద్దమ్మ ముందుకు వంగి చూసింది.

“నువ్వే ఇది. బుగ్గన చుక్క పెట్టింది నేనే. ఏదీ?”

“దుమ్మనుకుని యంత్రం తుడిచేసింది పెద్దమ్మా.”

ఆమె టీవీని చూసింది. తర్వాత నన్ను బట్టతల నుంచి పొట్ట దాకా తీరిగ్గా చూసింది.

“అదీ సంగతి” అంది.