స్ట్రీమర్‌కి పోసిన డబ్బంతా సౌండ్‌లోకి రాదండీ

హైఫై సిస్టమ్ పెట్టుకుందాం అనుకునేవాళ్లందరికీ ఈమధ్య ఒకటే మెసేజ్ వస్తోంది, నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: సిస్టమ్‌లో అన్నిటికంటే ముఖ్యం స్ట్రీమరేనట (నెట్ నుంచి పాటలు తెచ్చి యాంప్‌కి ఇచ్చే పెట్టె), మూలం దగ్గర పోయిన సౌండ్‌ని ఏ యాంప్లిఫయరూ వెనక్కి తేలేదట, కాబట్టి స్పీకర్లకి పెట్టినంత దీనికీ పెట్టాలట, వైఫై ముట్టుకోకూడదట, 24/192 (24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్) లేనిది దండగట, మంచిది ఒక్కసారి కొంటే యాంప్‌లాగే ఇరవై ఏళ్లు పడుంటుందట. చదివిన కొత్తవాళ్లు హడలిపోరా మరి.

ముందు ఆ మూలం సంగతి. ఈ మాట టర్న్‌టేబుల్ రోజులది, అప్పట్లో అది నిజమే, సూది అరిగినా ప్లాటర్ తిరిగే వేగం తేడా వచ్చినా ఆ నష్టం నేరుగా పాటలోకే వెళ్తుంది. స్ట్రీమర్ అలా కాదు, అది ఫైల్ తెచ్చి విప్పి ఇచ్చే పెట్టె. ఫ్లాక్ అనే పాటల ఫైల్ జిప్ లాంటిదే, విప్పితే లోపల పెట్టిన అంకెలే బయటికొస్తాయి, చవక పెట్టెలో విప్పినా ఖరీదైన పెట్టెలో విప్పినా అవే. డిజిటల్ అవుట్‌ నుంచి బయటి డాక్‌కి (అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చేది) ఇస్తున్నారంటే, అంకెల్ని మార్చకుండా పంపడమే దాని పని. జిట్టర్, అంటే ఆ అంకెల టైమింగ్‌లో వచ్చే చిన్న తేడా, ఉంది కదా అంటారు. ఉంది, కాదనను, ఆప్టికల్, కోయాక్సియల్ వైర్లలో డాక్ తన టైమింగ్‌ని వచ్చే సిగ్నల్‌ నుంచే పట్టుకోవాలి, కానీ సరిగ్గా తయారైన డాక్‌లు దాన్ని అక్కడే అణిచేస్తాయి, ఎసింక్రనస్ యూఎస్‌బీలో అయితే టైమింగ్ నడిపే క్లాక్ డాక్‌దే. స్పీకర్లలో బుయ్‌మని హమ్ వస్తోందా, అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంటు తిరగడం) అయ్యుండొచ్చు, ఆప్టికల్ వైరుతో కలిపి చూడండి, అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి కరెంటు దారి తెగిపోతుంది. స్ట్రీమర్ అనలాగ్ అవుట్‌నే వాడేవాళ్లకి మాత్రం లోపలి డాక్ ఎలా ఉందో చూసుకోవడం అవసరమే.

వైఫై సౌండ్ పాడుచేస్తుందనేది మరీ విడ్డూరం. ఒక పని చేయండి, లాన్ కేబుల్‌తో పాట నడుస్తుండగా ఆ కేబుల్ పీకేయండి. నేను పీకాను, పాట ఏమీ జరగనట్టు ఆడుతూనే ఉంది, ఎందుకంటే అప్పుడు వింటున్నది ఎప్పుడో వచ్చి బఫర్‌లో కూర్చున్న డేటా. మరి ఆ క్షణంలో కేబుల్ నాణ్యత పాటలోకి ఎటునుంచి వచ్చినట్టు? దారిలో ప్యాకెట్ పోతే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, వైఫై మరీ వీక్ అయితే పాట ఆగుతుంది, అంతేగానీ బేస్ పల్చబడదు. ఆటో క్వాలిటీ పెట్టుంటే తక్కువ బిట్‌రేట్‌కి దిగొచ్చు, అది సెట్టింగ్స్‌లో మార్చుకునే విషయం. ఊరికే పాటలు ఆగుతుంటే మామూలు లాన్ కేబుల్ వేసుకోండి, ఆడియోఫైల్స్ కోసమని అమ్మే నెట్‌వర్క్ స్విచ్ అక్కర్లేదు.

24/192 గొడవకి పెద్ద టైమ్ అక్కర్లేదు. సీడీ 16/44.1, అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు, 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టేస్తుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, అదీ కుర్రాళ్లకి. 24/192 ఉంటే ఉండనివ్వండి, ఇప్పుడు చవకవాటిలో కూడా వస్తోంది, దానికోసం ఎక్కువ మాత్రం కట్టొద్దు. ఎంక్యూఏ అనే ఆడియో ఫార్మాట్ లోగో చూసి కొన్నవాళ్ల సంగతి గుర్తుందిగా, 2024 జులైలో టైడల్ అనే మ్యూజిక్ సర్వీస్ దాన్ని వదిలేసి ఫ్లాక్‌కి వెళ్లిపోయింది. తేడా నిజంగా ఉండేది బ్లూటూత్‌తో, అక్కడ పాటని మళ్లీ కుదిస్తారు, ఎల్‌డాక్ అనే మంచి బ్లూటూత్ పద్ధతి అయినా సెకనుకి 990 కిలోబిట్లు దాటదు. స్పాటిఫై కనెక్ట్‌లాంటి వాటిలో ఫోన్ రిమోట్ మాత్రమే, పాటని స్ట్రీమరే సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది.

అసలు నాకు ఒళ్లు మండింది ఆ ఇరవై ఏళ్ల మాటకి. యాంప్‌లో కెపాసిటర్ పోతే మార్చొచ్చు, స్ట్రీమర్ చచ్చేది సాఫ్ట్‌వేర్‌తో, పెట్టె నిగనిగలాడుతూనే ఉంటుంది. గూగుల్ 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న స్ట్రీమర్ తెచ్చింది, 2019 జనవరికల్లా ఆపేసింది. ఉన్నవాళ్లు వాడుకుంటూనే ఉన్నారు, 2025 మార్చిలో ఒక సర్టిఫికెట్ గడువు తీరేసరికి అప్‌డేట్ వచ్చేదాకా అవి మూగబోయాయి. సోనోస్ 2024 మేలో యాప్ మార్చింది, స్పీకర్లు అవే, కానీ స్లీప్ టైమర్‌తో సహా కొన్ని ఫీచర్లు మాయం. స్క్వీజ్‌బాక్స్ అనే స్ట్రీమర్‌ని లాజిటెక్ 2012లోనే ఆపినా దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఇప్పటికీ లిరియన్ పేరుతో బతికే ఉంది, రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందుకే నేనైతే కొనే ముందు పెట్టె మూత మందం చూడను, యాప్ దించుకుని చూస్తా, పాత మోడల్స్‌కి ఇంకా అప్‌డేట్‌లు ఇస్తున్నారా అని చూస్తా, నేను వాడే సర్వీస్ ఉందా, లైవ్ ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య చప్పట్లు తెగకుండా గ్యాప్‌లెస్ ఆడుతుందా, యాంప్‌తో వాల్యూమ్ మార్చుకునేలా ఫిక్స్‌డ్ అవుట్‌పుట్ ఉందా, ఇవే. ఖరీదైనవి కొనొద్దని కాదు, స్క్రీన్ నచ్చిందనో రిమోట్ నచ్చిందనో కొనుక్కోండి, తప్పేముంది.

ఆ మెసేజ్ చివర్లో "నమ్మకపోతే మీ చెవులతో వినండి" అని సవాలు కూడా ఉంది. విన్నానండీ. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి వింటే ఖరీదైనదే బాగుంది, గొంతు ముందుకొచ్చినట్టుంది. అనుమానమొచ్చి 50 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆర్‌సీఏ అవుట్ దగ్గర మల్టీమీటర్ ఆనిస్తే ఒకటి 2 వోల్టులు, ఇంకోటి 2.4, అంటే ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ సౌండ్, గొంతు ముందుకు రాక ఏం చేస్తుంది. రెండూ సమానం చేసి, మా తమ్ముణ్ణి వెనకాల కూర్చోబెట్టి మార్చమన్నా. పదిసార్లలో ఐదుసార్లు కరెక్ట్ చెప్పాను, బొమ్మా బొరుసూ వేసుకున్నా అన్నే వచ్చుండేవి.