నిలబడితే గుండె దడ: ఈసీజీ మాత్రం పడుకోబెట్టి తీస్తాం

స్కూల్ ప్రేయర్‌లో కళ్ళు తిరిగి కూలబడ్డ అమ్మాయిని మనం మొదట అడిగేది ‘పొద్దున టిఫిన్ తిన్నావా?’ అని. అదే అమ్మాయి కాలేజీకొచ్చాక, నిలబడితే చాలు గుండె దడదడ కొట్టుకుంటోందంటే ఈసీజీ తీస్తారు, థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. రెండూ బాగుంటే ‘టెన్షన్ తగ్గించుకోమ్మా’ అని పంపేస్తారు. ఈసీజీ తీసింది పడుకోబెట్టి. ఆమె బాధ నిలబడ్డప్పుడు.

ఈ బాధకు పోస్చురల్ టాకికార్డియా సిండ్రోమ్, పొట్టిగా పాట్స్ అని పేరు. 1993లో షాన్‌డార్ఫ్, లో అనే వైద్యులు దీన్ని స్పష్టంగా నిర్వచించారు. లేచి నిలబడ్డ 10 నిమిషాల్లో గుండె వేగం నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరగాలి. 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలోనైతే 40 పెరగాలి. బీపీ పెద్దగా పడిపోకూడదు, బాధలు నెలల తరబడి సాగుతుండాలి. రోగుల్లో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడవాళ్ళే. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు ఇలాంటి లక్షణాలే ఉన్నాయని 1871లో డా కోస్టా అనే వైద్యుడు రాశాడు. అదంతా పాట్సేనని ఇప్పుడు తేల్చలేం. కానీ సైనికులకు వస్తే దానికి గుండె పేరు పెట్టారు, ఆడపిల్లలకు వస్తే మనం మనసు పేరు పెడుతున్నాం.

అసలు తప్పు చాలాసార్లు గుండెది కాదు. మనం నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ జారుతుంది. మెడలోనూ గుండె పైభాగంలోనూ ఉన్న పెద్ద నాళాలు ఒత్తిడి తగ్గిందని వెంటనే పసిగట్టి మెదడుకు కబురు పంపుతాయి. నరాల కొసల నుంచి నార్‌ఎడ్రినలిన్ విడుదలై రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది. కొందరు పాట్స్ రోగుల కాళ్ళలో ఈ రసాయనం చాలినంత విడుదల కావడం లేదని 2000లో ఒక అధ్యయనం చూపింది. నాళాలు బిగుసుకోకపోతే రక్తం కిందే నిలిచిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెడుతుంది.

ఇక హార్మోన్ల సంగతి. ‘హార్మోన్ ఇంబ్యాలెన్స్’ అనగానే మన దగ్గర థైరాయిడ్ లేదా పీసీఓడీ గుర్తొస్తాయి. ఇక్కడి హార్మోన్లు వేరు. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గితే కిడ్నీలు రెనిన్ వదలాలి. దానివల్ల యాంజియోటెన్సిన్ తయారై, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్‌ను రప్పించాలి. ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచేది ఆ ఆల్డోస్టిరానే. 2005లో అమెరికా పరిశోధకులు చూసిన పాట్స్ రోగుల్లో రక్తం పరిమాణం తక్కువే ఉంది, కానీ రెనిన్, ఆల్డోస్టిరాన్ పెరగాల్సినంత పెరగలేదు. ట్యాంకులో నీళ్ళు అడుగంటినా మోటార్ ఆన్ కానట్టు. ఇంకొందరిలో యాంజియోటెన్సిన్ ఎక్కువగానే ఉంటుంది, అయినా ఆల్డోస్టిరాన్ అందుకు తగ్గట్టు రాదు.

మూడో రకంలో నార్‌ఎడ్రినలిన్ తక్కువ కాదు, అతి. నిలబడితే బీపీ పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, ఊరికే భయం వేస్తుంది. చూసేవాళ్ళకు అచ్చం టెన్షన్‌లాగే ఉంటుంది. ఉండదా మరి, భయపడ్డప్పుడు ఒంట్లో పెరిగేదీ ఆ రసాయనమే! ‘నీకేం లేదు, అంతా నీ ఊహే’ అనే మాట నన్ను చిరాకు పెట్టేది ఇందుకే.

ఒకే మందు అందరికీ పనికిరానిదీ ఇన్ని రకాలు ఉన్నందుకే. రక్తం పరిమాణం తక్కువున్నవాళ్ళకు రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్ళు, మామూలు కంటే ఎక్కువ ఉప్పు మేలు చేస్తాయి. నిలబడితే బీపీ పెరిగేవాళ్ళకు అదే ఉప్పు చెడు చేయొచ్చు. మందుల్లో ఫ్లూడ్రోకార్టిసోన్ ఆల్డోస్టిరాన్ చేసే పనే చేస్తుంది, మిడోడ్రిన్ నాళాలను బిగిస్తుంది, తక్కువ మోతాదు ప్రొప్రనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఎవరికి ఏదన్నది డాక్టరే తేల్చాలి. యూట్యూబ్ చూసి ఉప్పు డబ్బా ముందేసుకోవద్దు.

దడ వచ్చిన ప్రతివారికీ పాట్స్ అని అంటగట్టడం కూడా తప్పే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత, నీళ్ళు చాలకపోవడం, థైరాయిడ్, వాడుతున్న మందులు ఇవన్నీ దడ పుట్టిస్తాయి. ముందు వాటిని చూడాలి.

అవి కాదని తేలాక కావాల్సింది పెద్ద యంత్రమేమీ కాదు, బీపీ మెషీన్, గోడ గడియారం. పది నిమిషాలు పడుకోబెట్టి నాడి, బీపీ చూడాలి. నిలబెట్టి, మరో పది నిమిషాల పాటు మళ్ళీ మళ్ళీ చూడాలి. పక్కన ఒక మనిషి ఉండాలి, పడిపోయే ప్రమాదం ఉంది కనుక. కిక్కిరిసిన ఓపీలో డాక్టర్‌కు అంత తీరిక ఉండదు, నిజమే. నేర్పిస్తే నర్సమ్మ చేయగలరు. ఆ అంకెలు చీటీ మీద రాసుంటే, ‘టెన్షన్ తగ్గించుకోమ్మా’ అనేముందు డాక్టర్ ఒక్కసారి వాటివైపు చూస్తారు.