సాక్షి కాప్టాన్ చెప్పని సంగతి

అమెరికా స్పేస్ షటిల్ తొలి యాత్రలు ముగించుకుని వచ్చాక ఇంజనీర్లను తికమకపెట్టింది కార్గో అరలోని కాప్టాన్ పొర. తేనె రంగులో నిగనిగలాడాల్సిన ఆ ప్లాస్టిక్, గరుకు కాగితంతో రుద్దినట్టు మసకబారింది. దోషి ఆక్సిజనే. అయితే మనం పీల్చే జంట ఆక్సిజన్ కాదు, కక్ష్య ఎత్తులో పల్చగా మిగిలిన గాలిలో సూర్యుడి అతినీలలోహిత కిరణాలు విడదీసిన ఒంటరి పరమాణువు.

నిజానికి అది వచ్చి కొట్టదు. ఉపగ్రహమే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్లి దాన్ని ఢీకొంటుంది. మోటారు సైకిల్ మీద వేగంగా పోయేవాడికి మామూలు వాన చినుకులే సూదుల్లా గుచ్చుకుంటాయి కదా! ఆ తాకిడి శక్తి సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం). రసాయన బంధాలు తెంచడానికి అది చాలు.

ఉపగ్రహాల్లో వాడే పదార్థాలను ముందుగా పరీక్షించాలంటే ఈ వేగాన్ని నేల మీద పుట్టించాలి, అదే కష్టం. అయానునైతే విద్యుత్ క్షేత్రంతో తోయవచ్చు, ఆవేశం లేని పరమాణువును దేనితో తోస్తాం? 1980లలో మసాచుసెట్స్‌లోని ఫిజికల్ సైన్సెస్ సంస్థ పేలుడును ఆశ్రయించింది. శూన్య గదిలో శంఖాకారపు నాజిల్, దాని గొంతులోకి వాల్వు వదిలే కొద్దిపాటి ఆక్సిజన్. సరిగ్గా అదే చోట కార్బన్ డయాక్సైడ్ లేజర్ పల్స్ గురిపెడితే ఆ వాయువు భగ్గుమని ప్లాస్మా, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూ విడివడిన వేడి వాయువు, అవుతుంది. పేలుడు తరంగం మిగతా ఆక్సిజన్‌ను విడగొట్టి బయటికి నెడుతుంది. నాకు అబ్బురం అనిపించేది ఆ తర్వాతి ఘట్టం: వ్యాకోచిస్తూ చల్లబడే లోగా అయాన్లు ఎలక్ట్రాన్లను కలుపుకుని తటస్థమవుతాయి, పరమాణువులకు మాత్రం మళ్లీ జంట కట్టే వ్యవధి దొరకదు. నాజిల్ ఆకారంలోని నేర్పంతా ఇదే.

చవకైన ఆక్సిజన్ ప్లాస్మా గదులు ఉండగా ఇంత హంగామా ఎందుకని అడగవచ్చు. ఆ గదుల్లో ఆక్సిజన్ ఉంటుంది గానీ దెబ్బ ఉండదు. కక్ష్యలో బాగానే నిలిచే టెఫ్లాన్ అక్కడ కాప్టాన్‌తో పోలిస్తే అతిగా అరిగిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి ఫలితాన్ని నమ్మి పదార్థాన్ని ఎంచుకోవడం కంటే పరీక్ష చేయకపోవడమే నయం.

లేజర్ పేలుడుతో పుట్టించిన ఈ పరమాణువుల పుంజం మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. ప్లాస్మా వెలిగినప్పుడు అతినీలలోహిత కాంతి కూడా నమూనా మీద పడుతుంది, విడిపోని ఆక్సిజన్ కొంత వెంట వస్తుంది. పైగా ఎన్ని పరమాణువులు తగిలాయో చాలా చోట్ల నేరుగా లెక్కపెట్టరు. పక్కన కాప్టాన్ ముక్కను సాక్షిగా పెట్టి అది ఎంత అరిగిందో తూచి, కక్ష్యలో ఒక్కో పరమాణువుకు అరిగే 3×10⁻²⁴ ఘన సెంటీమీటర్ల లెక్కతో భాగిస్తారు. కాబట్టి నివేదికలో ‘ఇన్నేళ్ల కక్ష్యకు సమానం’ అని కనిపిస్తే, అది ముందుగా కాప్టాన్‌కు సమానం. వెండికీ టెఫ్లాన్‌కూ ఆ ఏళ్లు వర్తిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేదు.

అందుకే నేను అలాంటి నివేదికల్లో మొదట వెతికేది మరో చిన్న ముక్కను. అదే పుంజం దారిలో, మెగ్నీషియం ఫ్లోరైడ్ అద్దం చాటున, పరమాణువులు తగలకుండా కాంతి మాత్రమే సోకిన ముక్కను.