బండి ఇస్తున్నారు సరే, నడపడం నేర్పేదెవరు?

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పరిహార సెస్సు కూడా పోయింది. కొనేవారందరికీ ఇది మంచి కబురే. కానీ అదే రోజున దివ్యాంగులకు ప్రత్యేకంగా ఉన్న ఒక వెసులుబాటుకు అర్థం లేకుండా పోయింది. 1200 సీసీ లోపు పెట్రోలు కారును గానీ, 1500 సీసీ లోపు డీజిలు కారును గానీ 18 శాతం పన్నుతో, సెస్సు లేకుండా కొనుక్కునే అవకాశం 40 శాతం, ఆ పైన శారీరక వైకల్యం ఉన్నవారికి అంతకుముందే ఉండేది. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుని, అయిదేళ్లపాటు కారు అమ్మబోమని ప్రమాణపత్రం రాసిచ్చి పొందే రాయితీ అది. ఇప్పుడు రెండు కాళ్లూ సక్రమంగా పనిచేసేవారికీ, రెండూ పనిచేయనివారికీ ఒకటే పన్ను. రెండోవారు మాత్రం ఆటోమేటిక్ గేరున్న మోడల్‌కు అదనంగా చెల్లించాలి, చేతితో బ్రేకు, యాక్సిలరేటరు నడిపే కిట్టు బిగించుకోవాలి. ఆ కిట్ల మీద పన్నును 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం 5 శాతానికి తగ్గించింది. కారుకు కూడా అదే రేటు ఇవ్వాలన్న దివ్యాంగుల కోరిక న్యాయమైనదే.

పన్ను సంగతి ఢిల్లీలో తేలాలి. గోదావరి డెల్టాలో ఉండి చూస్తే దానికన్నా పెద్ద లోటు మరొకటి కనిపిస్తుంది. దివ్యాంగుల చేతికి బండి అందించే ఏర్పాటు ఎంతో కొంత ఉంది. ఆ బండిని నడపడం నేర్పే ఏర్పాటు, వారి శరీరానికి తగినట్టు దాన్ని మార్చే ఏర్పాటు, ఈ నేలకు అది తగునో కాదో చూసే ఏర్పాటు లేవు.

చట్టం వెనకబడి లేదు. 2019 సవరణకు ముందు మోటారు వాహనాల చట్టం దివ్యాంగుల కోసమే ప్రత్యేకంగా తయారైన వాహనాన్ని మాత్రమే ఆ కోవలో గుర్తించేది. మామూలు బండిని తర్వాత మార్చుకుంటే అది ఆ నిర్వచనంలోకి వచ్చేది కాదు. సవరణ తర్వాత 52వ సెక్షన్ ప్రకారం సొంత వాహనాన్ని ముందుగా మార్పించుకుని, ఆ తర్వాత రవాణా శాఖ ఆమోదం తీసుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, రాయితీలతో పాటు వాహనాలకు మార్పులు చేయించే పథకాలు కూడా రూపొందించాలని ప్రభుత్వాలకు స్పష్టంగా చెప్పింది.

మన రాష్ట్రంలో ఆ బాధ్యత ప్రధానంగా మూడు చక్రాల మోటారు వాహనాల పంపిణీ రూపంలో కనిపిస్తుంది. నియోజకవర్గానికి పది చొప్పున, 175 నియోజకవర్గాలకు 1750 బండ్లు, పూర్తి రాయితీ మీద. డెబ్భై శాతం వైకల్యం, మూడు లక్షల లోపు వార్షికాదాయం, 18 నుంచి 45 ఏళ్ల వయసు అర్హతలు. ఈ వయోపరిమితి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన ఊళ్లలో ఇలాంటి బండ్ల మీద తిరిగేవారిలో ఎక్కువమంది పోలియో బాధితులు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, కానీ వ్యాధి ఉద్ధృతంగా ఉన్న కాలంలో పుట్టినవారు ఇప్పుడు నలభై అయిదుకు అటూ ఇటూ ఉన్నారు. చిన్నతనం నుంచి చంక కర్రల మీద బరువు మోసిన భుజాలు అరిగిపోయి, బండి లేనిదే గడప దాటలేని వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఆ వయసులోనే అర్హత ముగియడం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

ఇక బండి సంగతి. పేరుకు మూడు చక్రాలదే గానీ, ఇది స్కూటరు వెనక చక్రానికి ఇరువైపులా మరో రెండు చక్రాలు అమర్చిన వాహనం. స్కూటరు మలుపులో లోపలికి ఒరుగుతుంది, ఆ ఒరగడమే దాని బలం. పక్క చక్రాలు బిగించాక ఆ అవకాశం ఉండదు. వేగంగా తిరిగితే నడిపేవారి బరువు బయటివైపుకు తూలి, లోపలి చక్రం లేస్తుంది. చాలా కిట్లలో పక్క చక్రాలకు బ్రేకులుండవు. ఇంజను బలం అందేది మధ్య చక్రానికే. కాబట్టి పక్క చక్రాలు రెండూ ఎత్తు మీదకెక్కి మధ్య చక్రం గుంత మీద ఆగితే, అది గాలిలో తిరుగుతుందే తప్ప బండి కదలదు. చదునైన రోడ్డు మీద ఇవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. డెల్టాలో రోడ్లు చాలాచోట్ల కాలువ గట్ల మీదుగా పోతాయి. ఊరి వీధి నుంచి గట్టు ఎక్కాలంటే ఏటవాలుగా ఎక్కుతూనే ఎడమకో కుడికో తిరగాలి, అవతల కాలువ. స్కూటరు మీద వెళ్లేవారు ఆలోచించకుండా తిప్పే ఆ మలుపు, పక్క చక్రాల బండికి అత్యంత ప్రమాదకరమైన చోటు. సార్వా, దాళ్వా కోతల సమయంలో రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకు పోతుంది. అంచున పెట్టిన రాళ్లకీ, ఎదురొచ్చే ట్రాక్టరుకీ మధ్య మిగిలిన సందులో స్కూటరు పడుతుంది గానీ పక్క చక్రాల బండి పట్టదు. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్లు జారుడుగా ఉంటాయి. ఈ పరిస్థితుల్లో ఈ బండిని పరీక్షించి చూసినవారెవరైనా ఉన్నారా?

లేకపోవడం వల్లే ఆ భారమంతా వెల్డింగు షాపుల మీద పడుతోంది. పక్క చక్రాల ఫ్రేమును చాసిస్‌కు పట్టించే క్లాంపు దగ్గర చూడండి: రెండు మూడేళ్లు తిరిగిన బండికి అక్కడ ఒకదాని మీద ఒకటిగా అతుకులు కనిపిస్తాయి, ఒక వైపు టైరు లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగి ఉంటుంది. ఫ్రేము వంగి చక్రం వాలిందని దానర్థం. ఆ మెకానిక్కులు తమకు తెలిసినంతలో శ్రద్ధగానే చేస్తున్నారు, కానీ వారికి ఒక నమూనా, కొలతలు, ఇంత బరువుకు ఇంత పైపు అని చెప్పేవారు లేరు.

నరసాపురం రేవులో పంటు (మనుషులను, బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వెళ్లేవారికి మరో కష్టం ఉంది. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ గోదావరి పోటు, పాటులతో పెరిగి తగ్గుతుంది, దాంతో పంటు మీదకు ఎక్కే వాలు పూటపూటకూ మారుతుంది. “పాటు మీదుంటే ఇద్దరు పట్టుకోవాలండి, లేకపోతే ఎక్కదు” అని ఆ దారిన తిరిగే ఒక దివ్యాంగుడు చెప్పాడు. చించినాడ వంతెన మీదుగా చుట్టి వెళ్లడం ఆయనకు పెట్రోలు ఖర్చు. రేవు వేలం పాట షరతుల్లో అటూ ఇటూ ఆనే వెడల్పాటి ర్యాంపు ఉండాలన్న ఒక్క నిబంధన చేర్చడానికి ప్రత్యేకంగా నిధులేమీ అక్కర్లేదు.

కారు విషయంలో అడ్డంకి వేరే రకం. కొన్నేళ్లుగా ఆటోమేటిక్ గేరున్న చిన్న కార్లు మధ్యతరగతికి అందుబాటులోకి రావడంతో క్లచ్చి బెడద తొలగిపోయింది. ఎడమ కాలు మాత్రమే పనిచేయనివారు అలాంటి కారును చాలాసార్లు ఏ మార్పూ లేకుండానే నడపవచ్చు. కుడి కాలు బలహీనంగా ఉంటే యాక్సిలరేటరును ఎడమ వైపుకు మార్చాలి. రెండు కాళ్లూ పనిచేయకపోతే స్టీరింగు పక్కన ఒక లివరు బిగిస్తారు: ముందుకు నెడితే బ్రేకు, తమవైపు లాగితే వేగం. రెండో చేత్తో స్టీరింగు తిప్పడానికి దాని మీద ఒక గుండు పిడి ఉంటుంది. వెన్నుపూస దెబ్బతిన్నవారిలో కాళ్లు అసంకల్పితంగా బిగుసుకుని తన్నే ప్రమాదం ఉంటుంది కాబట్టి పెడల్స్‌కు అడ్డుగా ఒక రేకు కూడా పెట్టాలి. అంటే ఎవరికి ఏ మార్పు కావాలన్నది మనిషిని చూసి తేల్చాల్సిన విషయం. వైకల్యానికి ఇచ్చే సదరం ధ్రువపత్రం దాని శాతం చెబుతుంది. ఆ చేతుల్లో ఎంత పట్టు ఉందో, ఆ కాలు బ్రేకును ఎంత బలంగా నొక్కగలదో చెప్పదు.

అవన్నీ తేల్చుకున్నా నేర్చుకునే చోటు లేదు. డ్రైవింగు స్కూళ్ల కార్లకు శిక్షకుడి వైపు కూడా పెడల్స్ ఉండాలని నిబంధన ఉంది, అది మంచిదే. కానీ చేతి లివరున్న కారును స్కూలు తప్పనిసరిగా ఉంచాలని ఎక్కడా లేదు, డెల్టా పట్టణాల్లో అలాంటి కారు పెట్టిన స్కూలు నాకు కనిపించలేదు. కాబట్టి దివ్యాంగుడు నేర్చుకోవాలంటే ముందు కారు కొనాలి, కిట్టు బిగించుకోవాలి, ఆ తర్వాత ఎల్ఎల్ఆర్ తీసుకుని, పక్క సీట్లో హ్యాండ్‌బ్రేకు పట్టుకుని కూర్చునే అన్ననో బావనో నమ్ముకుని రోడ్డెక్కాలి. పరీక్ష కూడా ఆ సొంత కారు మీదే. తాను నడపగలడో లేదో తెలియకుండానే లక్షలు ఖర్చు పెట్టమని ఇంకే వర్గం ప్రజలనూ మనం అడగడం లేదు. చాలా కుటుంబాలు ఆ సాహసం చేయక, కారు కొన్నా డ్రైవరును పెట్టుకుంటున్నాయి.

ధైర్యం చేసినవారు ఒక విషయం మరచిపోకూడదు. ఆమోదం పొందిన కిట్టునే బిగించుకుని, మార్పును ఆర్సీలో తప్పనిసరిగా నమోదు చేయించాలి. నమోదు లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పేచీ పెడుతుంది. నమోదైతే సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో సగం రాయితీ అడగవచ్చు, ఈతకోట, ఉంగుటూరు వంటి టోల్‌గేట్ల దగ్గర మినహాయింపు కోరవచ్చు. ఈ సంగతులు షోరూములో ఎవరూ చెప్పరు.

పింఛను ఆరు వేలకు పెంచి ఇంటి దగ్గరే ఇవ్వడం ప్రభుత్వం చేసిన మంచి పని. ఆ మనిషి ఇల్లు కదిలి సంపాదించుకునే వీలు కల్పించడం అంతకన్నా చవక, అంతకన్నా గౌరవం. ఇందుకు కావలసింది ప్రతి జిల్లా కేంద్రంలో ఒక ఆటోమేటిక్ కారు, దానికి విప్పి మార్చుకోగల చేతి, ఎడమ కాలి నియంత్రణలు, శిక్షకుడికి రెండో బ్రేకు, ఫిజియోథెరపిస్టుతో కలిసి కూర్చుని అంచనా వేసే రవాణా శాఖ బ్రేకు ఇన్‌స్పెక్టరు. కాకినాడ జేఎన్‌టీయూ, ఆంధ్రా పాలిటెక్నిక్ విద్యార్థులకు పక్క చక్రాల బండిని ప్రాజెక్టుగా అప్పగించి, ప్రతి చక్రానికీ విడిగా సస్పెన్షను, బ్రేకులు, వెనక్కి వెళ్లే సదుపాయం ఉన్న నమూనాను గట్టు వాలుల మీద నడిపి చూసి, ఆ కొలతలను వెల్డింగు షాపులకు అందించవచ్చు. రివర్సు ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి కాబట్టి పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

మొదటి శిక్షణ కారును అమలాపురంలో పెట్టాలి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఇంకా పూర్తికాక, కోనసీమ నడిబొడ్డున రైలు లేని పట్టణమది. బస్సు మెట్లు ఎక్కలేనివారికి అక్కడ సొంత బండో, అద్దె ఆటోనో తప్ప వేరే ఆధారం లేదు. అక్కడి రవాణా కార్యాలయంలో వారానికి రెండు రోజులు ఆ కారును దివ్యాంగుల శిక్షణకు, పరీక్షకు కేటాయిస్తే, సొంత కారు కొనకముందే తాము నడపగలమో లేదో వారు తేల్చుకోగలుగుతారు.