కింది మూడు అంతస్తులు ఎవరి కోసం?

కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు లేచాక హైదరాబాద్‌లో వాదనంతా ఎత్తు చుట్టూనే తిరుగుతోంది. అంత ఎత్తు మనకెందుకని కొందరు, ముంబైకి మనమేం తీసిపోయామని కొందరు. నాకైతే అసలు గొడవ కింద ఉందనిపిస్తుంది. రోడ్డు మీద నడిచే మనిషి కంటికి ఆనేవి మొదటి మూడు నాలుగు అంతస్తులే. చాలా టవర్లలో వాటిని కార్లకిచ్చేశారు. ప్రహరీ, గేటు, దాని మీద పార్కింగ్ పోడియం గోడ. పక్కన ఎంత దూరం నడిచినా ఒక కిటికీ లేదు, నీడ లేదు, చాయ్ బండి ఆగే చోటు లేదు.

మొజంజాహీ మార్కెట్ చూడండి. 1935లో గ్రానైటుతో కట్టారు. గుమ్మటాలున్నాయి, గడియార స్తంభం దూరం నుంచే కనిపిస్తుంది, అంటే ఎత్తంటే భయపడిన కట్టడమేం కాదు. కానీ రోడ్డు వైపు వచ్చేసరికి కమాను కింద దుకాణం, దుకాణం ముందు ఐస్‌క్రీం కప్పు పట్టుకుని నిలబడే జాగా. కొలతలన్నీ మనిషివే.

ఇప్పుడు ఇలా కట్టకపోవడానికి బిల్డర్ల అభిరుచినొక్కదాన్నే తప్పుపట్టలేం. 2006లో జీవో 86 ఎఫ్ఎస్ఐ, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, దాని మీదున్న పరిమితిని తీసేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారి పట్టింది. ముందున్న రోడ్డు వెడల్పెంత, చుట్టూ సెట్‌బ్యాక్‌గా ఖాళీ జాగా ఎంత వదిలారు? ఎత్తు తేలేది ప్రధానంగా ఈ లెక్కలోనే. స్థలంలో బండ ఉందా, గోడ రోడ్డుకు ఏ ముఖం చూపిస్తోంది అన్నవి ఇందులోకి రావు. అందుకే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి బండ, సెల్లార్ కోసం ఒక్క ఎండాకాలం బ్లాస్టింగులో పోతుంది. బండను ఉంచి దాని చుట్టూ కట్టండని సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

కొత్త కాలంలో అలా కుదరదనకండి. కొండాపూర్ దగ్గరి సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. డిజైన్ కరణ్ గ్రోవర్‌ది. పర్యావరణానికి మేలైన భవనాలకిచ్చే లీడ్ రేటింగులో అన్నిటికన్నా పైదైన ప్లాటినాన్ని అమెరికా బయట అందుకున్న తొలి భవనం అది. నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ, ఎండను చిల్లులు చేసి లోపలికి పంపే జాలీలు, కప్పు మీద పచ్చదనం. మండువా ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేం లేదు, నాకు నచ్చిందీ అదే. ఐటీ కారిడార్ మాత్రం అక్కడి నుంచి రేటింగ్ ఫలకాన్ని నేర్చుకుంది. పడమటి గోడంతా అద్దం పెట్టి, ఏసీ టన్నులు పెంచి, లాబీలో ఫలకం తగిలిస్తున్నారు.

కొనేవాళ్లం మనమూ తక్కువేం తినలేదు. ఈస్ట్ ఫేసింగ్‌కు ఎక్కువ కడతాం, ఈశాన్యం తగ్గితే బేరం వదులుకుంటాం. పడమటి కిటికీకి ఎండ ఆపే ఛజ్జా ఉందా అని అడిగేవాళ్లు అరుదు. అడిగితే ఇవ్వరా? ఈశాన్యం ఇస్తున్నారుగా!

ప్లాన్ మంజూరుకు రెండు షరతులు చేర్చాలి. ఉన్న బండలు, చెట్లు సైట్ డ్రాయింగులో గుర్తించి, తీసేయాల్సి వస్తే కారణం రాయాలి. పెద్ద రోడ్ల మీది టవర్లలో రోడ్డు వైపు కింది అంతస్తు పార్కింగ్ గోడ కాకూడదు, దుకాణమో వసారానో ఉండాలి. అమ్ముకునే చదరపు అడుగులు తగ్గుతాయని బిల్డర్లు అంటారు. రెండొందల గజాల ప్లాటులో ఆ మాట నిజమే, అక్కడ ఛజ్జాతో సరిపెట్టుకోవచ్చు. కోకాపేటలో మాత్రం చెల్లదు. ఎఫ్ఎస్ఐ పరిమితే లేనిచోట, కింద వదులుకున్నది పైన కట్టుకోకుండా ఆపుతున్నదెవరు?