పసుపు చీటీకి ఉభయ కుశలోపరి

అంటీ అంటని పసుపు చీటీకి (ఇంగ్లీషులో పోస్ట్-ఇట్ అంటారంట నిన్ను),

నెల్లూరు జిల్లా నుంచి ఒక గ్రామ సమాఖ్య లీడరు రాయునది. ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఆ హోటలు హాలు గోడ మీద క్షేమంగా ఉన్నావని మాత్రం రాయలేను. మేం భోజనాలకు లేచేసరికే మీలో సగంమంది ఏసీ గాలికి రాలి, కుర్చీల కింద పడి ఉన్నారు.

మూడు రోజుల శిక్షణకు పెట్టిన పేరు ‘సామాజిక ఆవిష్కరణలో నాయకత్వం’. ఆవిష్కరణంటే మాకు విగ్రహావిష్కరణ ఒక్కటే తెలుసు. పక్క ఊరి సర్పంచి చివరి రోజు దాకా నా చెవి దగ్గర గొణుగుతూనే ఉన్నాడు, “ఎవరి విగ్రహమక్కా? గుడ్డ ఎప్పుడు లాగుతారు?” అని. సర్పంచులు, అంగన్‌వాడీ టీచర్లు, యువజన సంఘం పిల్లలు, మేమూ కలిసి నలభై మందిమి. ఒక్కొక్కరి ముందూ ఒక స్కెచ్ పెన్నూ, నీ కట్టొకటీ.

చీటీకి ఒకటే ఆలోచన, అయిదు మాటలు దాటకూడదు అన్నారు. మా ఊరి ట్యాంకు మోటారు కాలిపోయింది. పంచాయతీని అడిగితే కరెంటోళ్ల మీద చెప్తారు, కరెంటోళ్లు వైరింగు చేసిన కాంట్రాక్టరు మీద చెప్తారు, కాంట్రాక్టరు బిల్లు రాలేదంటాడు. ఇదంతా అయిదు మాటల్లో ఎట్లా ఇమిడేది? ‘నీళ్లు’ అని రాసి ఊరుకున్నా. ట్రైనరు మేడమ్ చప్పట్లు కొట్టింది. నా పక్కనామె ‘మందు’ అని రాసింది. వాళ్ల బజారులో బెల్టు షాపు ఉంది లే. మేడమ్ ఆ చీటీని భద్రంగా తీసుకుపోయి ‘ఆరోగ్యం’ కింద అతికించింది.

మధ్యాహ్నం ఇంకో ఆట. తాగొచ్చే మొగుడున్న ఇల్లాలి చోట మిమ్మల్ని ఊహించుకోండి, ఆమె ఏం చూస్తుంది, ఏం వింటుంది, ఏమనుకుంటుంది, తలా ఒక చీటీ రాయండి అన్నారు. పక్కనామె పెన్ను మూత కూడా తియ్యలేదు. “ఊహించుకునేదేముంది మేడమ్, ఆరింటి బస్సెక్కితే చాలు” అంది. అది కూడా రాయమన్నారు. అయిదు మాటలు దాటింది.

నీ పుట్టుక సంగతి కూడా అక్కడే విన్నాం. 1968లో అమెరికాలో, త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన గట్టి జిగురు చేద్దామని కూర్చుంటే పట్టీ పట్టని జిగురు తయారైందంట. ఏళ్ల తర్వాత అదే కంపెనీ మనిషి ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాడే పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురు రాసి చూశాడంట. 1980లో నువ్వు అమెరికా అంతటా అమ్మకానికొచ్చావు. గట్టిగా అంటుకోకపోవడమే నీ గొప్పని చెప్పి, మా చేత మళ్లీ చప్పట్లు కొట్టించారు.

ఇంతకీ నాకొక సందేహం. మా జిల్లాలోనే, కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? అక్షరదీపం రాత్రి బడికని చేరినవాళ్లు పలకలు పక్కన పెట్టి మొగుళ్ల తాగుడు గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత దుకాణం మీదికి పోయారు. అది ఊరూరా పాకింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993లో సారా, 1995లో మొత్తం మందే బందయింది. ఆ పోరాటంలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ గారిని ఏ హోటల్లోనూ ‘మీరొక పండైతే ఏ పండు?’ అని అడిగినట్టు నేనెక్కడా వినలేదు. మమ్మల్ని అడిగారు. నేను తాటిపండు అన్నాను, ఎవరి నెత్తిన పడాలో చూసుకుంటున్నా అని.

1997లో మద్యనిషేధం ఎత్తేశారు కదా అంటావు. నిజమే, ఆ జీవోకి పూసింది నీ జిగురే అయ్యుండాలి. కానీ అదే ఆడవాళ్లు రోజుకో రూపాయి పక్కన పెట్టడం మొదలెట్టారు చూడు, పొదుపులక్ష్మి అని, నెలకు ముప్పై రూపాయలు, అది ఊడలేదు. నేను లీడర్నయింది ఆ రూపాయి మీదే. మా తీర్మానాల పుస్తకంలో ఒక్కో తీర్మానం పేజీన్నర ఉంటుంది. మధ్యలో కొట్టివేతలుంటాయి, తిట్టుకున్నవీ ఉంటాయి, కింద వేలిముద్రలుంటాయి. దాన్ని గోడకి అతికించి ఫొటో తీస్తే ఏమీ బాగుండదు.

మీ గోడకు మాత్రం చివరి రోజు రకరకాల కోణాల్లో ఫొటోలు తీశారు. మా చేతుల్లో సర్టిఫికెట్లు పెట్టారు. మేం సంచులు సర్దుకుంటుంటే హాలు ఊడ్చే అమ్మాయి వచ్చింది. చీపురు ఆపి, “ఇవన్నీ ఎవరికి పంపిస్తారక్కా?” అని అడిగింది. మూడు రోజుల్లో అంత మంచి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. మేడమ్ అప్పటికే కారెక్కేసింది.

ఇంటికొచ్చి చీర మారుస్తుంటే కొంగుకి నువ్వొకదానివి అతుక్కుని కనపడ్డావు. ‘ఆరోగ్యం’ కిందున్న ‘మందు’వి. పారేయ బుద్ధి కాలేదు. ఆ పక్కనామెకు ఫోను చేసి, వాళ్లూ మేమూ కలిసి మొన్న మీటింగు పెట్టుకున్నాం. బెల్టు షాపు తీసేయాలని రాసుకున్నాం, ఇరవై మూడు సంతకాలు, ఏడు వేలిముద్రలు. ఆ పేజీకి గుర్తుగా పుస్తకంలో నిన్నే పెట్టాను. నువ్వు పుట్టింది ఈ పనికే కదా.

సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకు పోతున్నాం, నువ్వూ వస్తున్నావు. బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం ఆశపడొద్దు, గాలికి ఎగిరిపోతావు.

ఇట్లు,
తాటిపండు